గాలిలో కత్తిసాము: చేతి ఊపు యంత్రానికి ఎందుకు అందలేదు?

2006వ సంవత్సరం నవంబరు 19వ తేదీన నింటెండో సంస్థవారి ‘వీ’ అనే ఆటయంత్రం ఉత్తర అమెరికాలో విడుదలయింది. ఆ తరువాతి కొన్నేళ్ళపాటు ప్రవాసాంధ్రుల ఇళ్ళలో ఒక కొత్త దృశ్యం కనిపించసాగింది. అంతవరకూ వీడియో ఆట అంటే పిల్లలు సోఫాలో కూలబడి బొటనవ్రేళ్ళను మాత్రమే ఆడించే వ్యాపకం. ఈ యంత్రం వచ్చాక, ఆరు నెలల కోసం స్వదేశం నుండి వచ్చిన అమ్మమ్మ కూడా కొంగు నడుమున దోపుకొని, మనుమడి ప్రక్కన నిలబడి, తెరమీద బంతిని దొర్లించి గెలిచేది. ఏ మీటను ఎప్పుడు నొక్కాలన్న పెద్ద చదువు అక్కరలేదు. చేయి ఊపడం తెలిస్తే చాలు. 10 కోట్లకు పైగా అమ్ముడైన ఆ యంత్రపు విజయరహస్యం ఇదే.

బంతిని దొర్లించిన చేయి కత్తిని మాత్రం త్రిప్పలేదా? ఈ ప్రశ్న పిల్లలకే కాదు, ఆటలు తయారుచేసేవారికి కూడా సహజంగానే తోచింది. చేతిలోని రిమోటు తెరమీద ఖడ్గమై, మోచేయి తిరిగినట్టల్లా తిరుగుతుందని అందరూ ఆశపడ్డారు. ఆ ఆశతో వెలువడిన ఆటలలో పెక్కు నిరాశనే మిగిల్చాయి. వాటిలో 2007లో వచ్చిన ‘సోల్ కాలిబర్ లెజెండ్స్’ ఒకటి. ఆ వైఫల్యానికి కారణం తయారుచేసినవారి అశ్రద్ధ మాత్రమే అనుకుంటే పొరపాటు. దాని వెనుక న్యూటను, ఐన్‌స్టయిన్ చెప్పిన భౌతికశాస్త్రం ఉన్నది. ఆ శాస్త్రమే నేడు పెద్దవారి మణికట్టు మీది గడియారంలోనూ పని చేస్తున్నది. కనుక ఒక ఆట ఎందుకు విఫలమయిందన్న విచారణ కేవలం కాలక్షేపం కాదు.

మాట ఇచ్చిన ఆట

‘సోల్ కాలిబర్’ అనేది జపానుకు చెందిన నామ్కో సంస్థ 1990లలో ప్రారంభించిన ఖడ్గయుద్ధపు ఆటల పరంపర. 1999లో డ్రీమ్‌కాస్ట్ యంత్రానికి వచ్చిన దాని రూపం ఆ కాలపు ఉత్తమమైన ఆటలలో ఒకటిగా పేరు పొందింది. అందులో అడ్డంగా నరకడానికి ఒక మీట, నిలువుగా నరకడానికి మరొకటి, తన్నడానికి ఒకటి, కాచుకోవడానికి ఇంకొకటి ఉండేవి. ఇద్దరు ఆటగాళ్ళు ఎదురెదురుగా నిలిచి, ఎదుటివాని ఎత్తును పసిగట్టి, సరియైన క్షణంలో సరియైన మీట నొక్కాలి. మీట అన్నది రెండే మాటలు తెలిసిన సాక్షి: నొక్కారు, నొక్కలేదు. ఆ సాక్ష్యంలో సందేహానికి తావు లేదు. ఆ ఆట నైపుణ్యమంతా ఆ నిశ్చయం మీదనే నిలిచి ఉండేది.

‘లెజెండ్స్’ ఈ పద్ధతిని మార్చింది. ఇద్దరి ద్వంద్వయుద్ధానికి బదులుగా, సీగ్‌ఫ్రీడ్ అనే యోధుడు కోటలలోనూ శిథిలాలలోనూ ముందుకు సాగుతూ, గుంపులు గుంపులుగా వచ్చే శత్రువులను నరుక్కుంటూ పోతాడు. మీటలకు బదులు కుడిచేతి ఊపు. రిమోటును అడ్డంగా ఊపితే అడ్డ వ్రేటు, నిలువుగా ఊపితే నిలువు వ్రేటు, ముందుకు పొడిస్తే పోటు. చెప్పడానికి ఇంతకంటె సులభమైన నియమం ఉండదు. ఆడేటప్పుడు జరిగింది వేరు. నిలువుగా ఊపితే ఒక్కొక్కసారి అడ్డ వ్రేటు పడేది. ఒక్కొక్కసారి రెండు ఊపులకు ఒక్క వ్రేటే పడేది. కొద్దిసేపటికే ఆటగాడు ఒక రహస్యం కనిపెట్టేవాడు: వీరుడిలా చేయి త్రిప్పనక్కరలేదు, మణికట్టును విసనకర్రలా అల్లాడిస్తే చాలు, శత్రువులు పడిపోతారు. ఆ రహస్యం తెలిసిన క్షణాన చేతిలోని ఖడ్గం మళ్ళీ ప్లాస్టిక్ ముక్కగా మారిపోయేది. మార్పు లేని శత్రువులు, ఒకే తీరు పోరాటాలు విసుగును మరింత పెంచాయి. విమర్శకులు ఈ ఆటను పూర్వపు ఆటల సరసన నిలుపలేకపోయారు.

అంతకు ఒక సంవత్సరం ముందు, ‘వీ’ యంత్రంతోపాటే వచ్చిన యూబీసాఫ్ట్ వారి ‘రెడ్ స్టీల్’ అనే ఆట కూడా ఇటువంటి ఆశనే రేపి, ఇటువంటి నిరాశనే మిగిల్చింది. ఇద్దరు వేరువేరు తయారీదారులు ఒకే చోట కాలు జారారంటే, తప్పు పట్టవలసింది కాలిని మాత్రమే కాదు, నేలను కూడా పరీక్షించాలి.

రిమోటు గర్భంలో

‘వీ’ రిమోటులో చలనాన్ని పసిగట్టే సాధనాలు రెండు ఉన్నాయి. మొదటిది యాక్సెలరోమీటరు. దీనిని తెలుగులో త్వరణమాపకం అనవచ్చు. అనలాగ్ డివైసెస్ అనే అమెరికా సంస్థ తయారుచేసిన ఆ చిప్పు పొడవు 4 మిల్లీమీటర్లు, వెడల్పు 4 మిల్లీమీటర్లు. అంటే ఒక కందిబద్ద అంత. దాని లోపల సిలికానుతో చేసిన అతి సన్నని స్ప్రింగులమీద ఒక సూక్ష్మమైన దిమ్మ వ్రేలాడుతూ ఉంటుంది. రిమోటు కదిలినప్పుడు ఆ దిమ్మ కాస్త వెనుకబడుతుంది, బస్సు కదలగానే నిలబడిన ప్రయాణికుడు వెనుకకు తూలినట్లు. ఆ తూలుడు ఎంతో విద్యుత్తు రూపంలో కొలిస్తే త్వరణం ఎంతో తెలుస్తుంది. ఇటువంటి చిప్పులు 1990లలో మోటారుకార్ల గాలిసంచులను సకాలంలో విప్పడానికి వాడుకలోకి వచ్చాయి. ప్రాణరక్షణకు పుట్టిన సాధనం పదేళ్ళు దాటేసరికి పిల్లల ఆటవస్తువులో చేరింది.

రెండవది రిమోటు ముక్కున అమర్చిన చిన్న కెమెరా. ఇది కంటికి కనిపించని పరారుణ కాంతిని మాత్రమే చూస్తుంది. టెలివిజను మీద పెట్టే సన్నని కడ్డీని అందరూ ‘సెన్సారు బారు’ అని పిలిచేవారు కాని, నిజానికి అందులో సెన్సారు ఏదీ లేదు. రెండు కొసల పరారుణ దీపాలు మాత్రమే ఉన్నాయి. ఆ కడ్డీ పాడయినప్పుడు రెండు కొవ్వొత్తులు వెలిగించి పని జరుపుకొన్నవారు ఉన్నారు. కెమెరాకు ఆ రెండు వెలుగులు కనిపించినంతసేపూ రిమోటు ఎటు గురిపెట్టి ఉన్నదో లెక్క కట్టవచ్చు. తుపాకి గురికి ఇది చక్కగా సరిపోతుంది. కాని కత్తి త్రిప్పేవాని చేయి తెరవైపే చూస్తూ ఉండదు. పైకెత్తిన రిమోటు ఇంటి కప్పును చూస్తుంది, ప్రక్కకు తిరిగినది గోడను చూస్తుంది. ఆ క్షణంలో కెమెరా గుడ్డిది. కనుక కత్తిసాము భారమంతా ఆ కందిబద్ద అంత త్వరణమాపకం మీదనే పడింది.

వాలా, వేగమా?

త్వరణమాపకం ఏమి చెప్పగలదో, ఏమి చెప్పలేదో తెలుసుకోవడానికి ప్రతి ఇంటా ఒక చక్కని ఉపకరణం ఉన్నది. అది కారు అద్దానికి వ్రేలాడదీసిన వేంకటేశ్వరస్వామి బొమ్మ. కారు ముందుకు దూకినప్పుడు ఆ బొమ్మ వెనుకకు వాలుతుంది. కారు కొండదారిలో పైకి మొగమెత్తి ఆగి ఉన్నప్పుడు కూడా, కారులో కూర్చున్నవారికి ఆ బొమ్మ వెనుకకు వాలినట్టే కనిపిస్తుంది. కిటికీలన్నీ మూసి, బయటి ప్రపంచం కనపడకుండా చేసి, బొమ్మను మాత్రం చూపిస్తే, కారు వేగం పుంజుకొంటున్నదా లేక ఎత్తు మీద నిలబడి ఉన్నదా అన్నది ఎవరూ చెప్పలేరు. లెక్క ప్రకారం 10 డిగ్రీల ఎత్తు మీద ఆగిన కారూ, సమతలం మీద సెకనుకు సెకనుకు 1.7 మీటర్ల చొప్పున వేగం పెంచుకొనే కారూ ఆ బొమ్మకు ఒక్కటే.

ఇది పనిముట్టులోని లోపం కాదు, ప్రకృతి నియమం. గురుత్వాకర్షణను, త్వరణాన్ని లోపలినుండి వేరుచేసి చూడలేమన్న ఈ సమానతా సూత్రాన్ని ఐన్‌స్టయిన్ 1907లో ప్రతిపాదించాడు. తరువాత సాధారణ సాపేక్ష సిద్ధాంతానికి అదే పునాది అయింది. రిమోటులోని సిలికాను దిమ్మ ఆ బొమ్మకు తోబుట్టువే. ఆటగాడు రిమోటును వాల్చాడా, ఊపాడా అన్న సందేహం దానికి పుట్టుకతో వచ్చినది.

మరొక చిక్కు ఉన్నది. బల్లమీద పెట్టిన పళ్ళెంలో రిమోటు ఉంచి పళ్ళేన్ని మెల్లగా గుండ్రంగా త్రిప్పితే, భూమి ఆకర్షణ దిశ రిమోటు దృష్టిలో ఏమాత్రం మారదు. అందువలన నిలువు అక్షం చుట్టూ జరిగే మెల్లని మలుపు త్వరణమాపకానికి తెలియదు. కత్తిని అడ్డంగా త్రిప్పడం సరిగ్గా ఇటువంటి మలుపే. అడ్డ వ్రేటును, నిలువు వ్రేటును ఆ ఆట తారుమారు చేసిందంటే ఇప్పుడు ఆశ్చర్యం ఉండదు.

పొరపాటు పెరిగే తీరు

“త్వరణం తెలిస్తే వేగం, వేగం తెలిస్తే స్థానం లెక్క కట్టవచ్చు కదా!” అని కళాశాలలో కలనగణితం చదివిన పిల్లలు అడగవచ్చు. సూత్రరీత్యా అది నిజం. కాగితం మీద తప్పులేని లెక్క చేతిలోని పనిముట్టు దగ్గర ఎలా చెడుతుందో ఒక ఉదాహరణ చాలు.

త్వరణమాపకం గురుత్వంలో నూరవవంతు మాత్రమే తప్పు చెప్పిందని అనుకోవచ్చు. అంటే సెకనుకు సెకనుకు సుమారు 0.1 మీటరు. ఇది చాలా చిన్న తప్పు. కాని ఆ తప్పుతో వేగం లెక్క కట్టి, ఆ వేగంతో స్థానం లెక్క కడితే, 1 సెకను గడిచేసరికి కత్తి ఉన్నచోటు కాక 5 సెంటీమీటర్ల దూరాన కనిపిస్తుంది. 10 సెకన్లకు 5 మీటర్ల దూరాన, అంటే పొరుగు గదిలో, కనిపిస్తుంది. 1 నిమిషానికి 175 మీటర్లు దాటి వీధి చివరకు చేరుతుంది! కాలం రెండింతలయితే తప్పు నాలుగింతలు, కాలం పదింతలయితే తప్పు నూరింతలు. ఆటగాడు కదలకుండా నిలుచున్నా అతని ఖడ్గం ఊరు విడిచి పారిపోతుంది.

కళ్ళకు గంతలు కట్టుకొని అడుగులు లెక్కించుకుంటూ నడిచేవానితో దీనిని పోల్చవచ్చు. పది అడుగులు సరిగానే పడతాయి. నూరడుగులు వేశాక తాను ఎక్కడ ఉన్నాడో అతనికే తెలియదు. నడుమ నడుమ ఒక్కసారి గంతలు విప్పి చూసుకుంటే గాని దారి నిలవదు. 2006 నాటి రిమోటుకు కత్తి ఊపులో గంతలు విప్పే అవకాశమే లేదు.

బలం పెరిగితే చూపు పోయే యంత్రం

ఆ రిమోటులోని త్వరణమాపకం గురుత్వానికి ఇటు మూడింతలు, అటు మూడింతల వరకు నమ్మకంగా కొలవడానికి నిర్మించబడింది. బంతి దొర్లించడానికి, టెన్నిస్ ఊపుకు ఇది దాదాపు చాలు. నిజంగా కత్తి దూసినట్టు ఊపితే ఏమవుతుంది?

చేయి చాచినప్పుడు భుజం నుండి రిమోటు దాకా 0.6 మీటరు దూరం ఉన్నదనుకుంటే, చేయి సెకనుకు 5 రేడియన్ల కోణీయ వేగంతో తిరిగినప్పుడు రిమోటు మీద కేంద్రాభిముఖ త్వరణం 15, అంటే గురుత్వానికి ఒకటిన్నర ఇంత. ఇది కొలతకు అందుతుంది. అదే చేయి రెండింతల వేగంతో తిరిగితే త్వరణం రెండింతలు కాదు, నాలుగింతలవుతుంది. అంటే 60, గురుత్వానికి ఆరింతలు. చిన్న కాటాలో బియ్యపు బస్తా పెట్టినట్టు, సూచి చివరకు పోయి కొట్టుకొని అక్కడే నిలిచిపోతుంది. అంటే ఆటగాడు ఎంత మనసుపెట్టి, ఎంత బలంగా కత్తి దూస్తే, యంత్రానికి అతని చేతి సంగతి అంత తక్కువగా తెలుస్తుంది. నెమ్మదిగా, సోమరిగా ఊపేవానికే అది బాగా స్పందిస్తుంది.

ఆటగాళ్ళు బలంగా ఊపలేదనడానికి వీలులేదు. చేతి నుండి జారి టెలివిజనుకు తగిలిన రిమోటుల ఫిర్యాదుల దరిమిలా, 2006 డిసెంబరులోనే నింటెండో సంస్థ రిమోటుకు కట్టే మణికట్టు త్రాడును మరింత మందంగా చేసి, సుమారు 32 లక్షల త్రాళ్ళను మార్చి ఇవ్వడానికి ముందుకు వచ్చింది. జనం ఆ మాటను నమ్మారు, నిజంగానే ఊపారు.

గడప ఎంత ఎత్తున ఉండాలి?

స్థానం తెలియదు, దిశ అనుమానం, బలమైన ఊపు కొలతకు అందదు. ఇన్ని ఇబ్బందుల నడుమ ప్రోగ్రాము వ్రాసేవారికి ఒకే దారి మిగిలింది. చేతిని అనుసరించే ప్రయత్నం మాని, చేతి ఊపును ఊహించడం. త్వరణం ఒక నిర్ణీత గడప దాటితే ‘ఊపాడు’ అని నిర్ణయించి, ముందుగా చిత్రించి ఉంచిన వ్రేటును తెరమీద ప్రదర్శించడం. తెరమీద కనిపించేది ఆటగాని వ్రేటు కాదు, చిత్రకారుని వ్రేటు. చేతి ఊపు దానికి పిలుపుగంట మాత్రమే.

ఇక్కడ రెండు చిక్కులు వచ్చిపడతాయి. మొదటిది ఆలస్యం. చేయి ఒక వ్రేటును సుమారు మూడవవంతు సెకనులో ముగిస్తుంది. అది అడ్డమా, నిలువా, పోటా అని తేల్చడానికి ప్రోగ్రాము ఊపులో చాలాభాగం గడిచేదాకా ఆగాలి. అంటే చేతిలో వ్రేటు ముగుస్తున్నప్పుడు తెరమీద వ్రేటు మొదలవుతుంది. తాళం తప్పిన మృదంగంలా, చేయి ఒకటి, కన్ను ఒకటి చెబుతాయి.

రెండవది గడప ఎత్తు. గడప ఎత్తుగా పెడితే, అమ్మాయి మెల్లగా వేసిన నిజమైన వ్రేటు లెక్కకు రాదు. తక్కువగా పెడితే, అబ్బాయి వెటకారంగా మణికట్టు అల్లాడించినా వ్రేటు పడుతుంది. ఒక తప్పును తగ్గించబోతే రెండవ తప్పు పెరుగుతుంది. రెండింటినీ ఒకేసారి తొలగించే గడప ఏదీ లేదు. ‘లెజెండ్స్’ వంటి ఆటలో శత్రువులు వందల సంఖ్యలో వస్తారు. వందల వ్రేట్లకు వందల నిజమైన ఊపులు కోరితే భుజం నొప్పి పుడుతుంది. అందుచేత గడపను తక్కువగా ఉంచక తప్పదు. అప్పుడు కత్తిసాము కాస్తా గిలక్కాయ ఆడించడమయింది. మీటకు ఉన్న నిశ్చయం పోయింది, చేతికి ఉండవలసిన స్వేచ్ఛ రాలేదు.

ఎదురుదెబ్బ లేని కత్తి

ఇంకొక లోపం ఉన్నది. ఇది ఎంత మంచి సెన్సారు పెట్టినా తీరేది కాదు. తెలుగునాట కత్తిసాము, కర్రసాము నేర్చినవారికి అది వెంటనే తెలుస్తుంది. కర్రకు కర్ర తగిలినప్పుడు చేయి ఆగుతుంది, ఆ అదురు మోచేతి దాకా ప్రాకుతుంది. చర్యకు సమానమైన ప్రతిచర్య ఉంటుందన్న న్యూటను మూడవ సూత్రాన్ని అక్కడ ఎముకలే బోధిస్తాయి. సాము నేర్చుకోవడమంటే సగం ఆ ప్రతిచర్యను చదవడం నేర్చుకోవడమే.

తెరమీద వ్రేటు శత్రువు డాలుకు తగిలి ఆగిపోవచ్చు. ఆటగాని చేయి మాత్రం ఆగదు, గాలిలో సాగిపోతుంది. ఆ క్షణంలో తెరమీది కత్తి ఒకచోట, చేతిలోని కత్తి మరొకచోట. రిమోటులోని చిన్న మోటారు గుర్రుమని అదిరి ‘తగిలింది’ అని చెప్పగలదు గాని చేతిని ఆపలేదు. చేయి ఉన్న స్థానాన్ని కన్ను చూడకుండానే శరీరం ఎరుగును. ఆ ఎరుకకు, తెరమీది దృశ్యానికి పొత్తు కుదరనప్పుడు నమ్మకం సడలిపోతుంది.

దిద్దుబాటు

తయారీదారులు ఈ పాఠం నేర్చుకోకపోలేదు. 2009లో ‘మోషన్ ప్లస్’ అనే చిన్న తొడుగు వచ్చింది. అందులో ఉన్నది జైరోస్కోపు, అనగా భ్రమణమాపకం. తిరిగే రంగులరాట్నంపై కేంద్రం నుండి అంచుకు నడిచేవానిని ఏదో ప్రక్కకు త్రోసినట్లుంటుంది. 1835లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు కొరియోలిస్ వివరించిన ప్రభావం ఇది. భ్రమణమాపకపు చిప్పులో ఒక సూక్ష్మమైన దిమ్మ నిరంతరం కంపిస్తూ ఉంటుంది. చిప్పు తిరిగినప్పుడు ఆ దిమ్మ ప్రక్కకు నెట్టబడుతుంది. ఆ నెట్టుడును కొలిస్తే మలుపు వేగం తెలుస్తుంది. ప్రకృతి ఈ యుక్తిని మానవునికంటె ఎంతో ముందే కనిపెట్టింది. ఈగకు వెనుక రెక్కల స్థానంలో ఉండే చిన్న గుబ్బకాడలు ఇలాగే కంపిస్తూ, గాలిలో దాని మలుపులను దానికి తెలియజేస్తాయి. చేతికి అందకుండా ఈగ తప్పించుకోవడంలో ఈ సాధనానికీ పాలున్నది.

భ్రమణమాపకం కూడా పొరపాటు పడుతుంది. సెకనుకు అర డిగ్రీ తప్పు చెబితే నిమిషానికి 30 డిగ్రీల తేడా వస్తుంది. అయితే ఇక్కడ తప్పు కాలంతోపాటే పెరుగుతుంది, కాలపు వర్గంతో కాదు. అంతేకాక దానిని దిద్దడానికి సాక్షులు ఉన్నారు. చేయి నిలకడగా ఉన్నప్పుడు ‘క్రింద’ ఎటో త్వరణమాపకం చెబుతుంది. రిమోటు తెరవైపు చూసినప్పుడు ‘ముందు’ ఎటో కెమెరా చెబుతుంది. ఒకరి బలహీనతను మరొకరి బలం కప్పుతుంది. ఎవరూ పూర్తిగా నమ్మదగినవారు కాని ముగ్గురు సాక్షుల నుండి నమ్మదగిన కథ అల్లే ఈ విద్యే నేటి విమానాలకు, రోబోలకు కూడా ఆధారం.

ఈ సాధనంతో 2010లో వచ్చిన ‘రెడ్ స్టీల్ 2’ మొదటి దానికంటె మెప్పు పొందింది. 2011 నాటి ‘లెజెండ్ ఆఫ్ జెల్డా: స్కైవర్డ్ స్వోర్డ్’ కత్తి కోణాన్నే చిక్కుముడిగా మలచి, శత్రువు కాచుకోని దిశలో నరకమని కోరింది. అయినా చిక్కులు పూర్తిగా పోలేదు. అదే ఆటను 2021లో క్రొత్త యంత్రానికి మార్చినప్పుడు, చేయి ఊపడానికి ఇష్టపడనివారు చిన్న పుల్లమీటతోనే కత్తి త్రిప్పే వీలు కల్పించారు.

అన్నిటికంటె తెలివైన పరిష్కారం చెక్ దేశం నుండి వచ్చింది. 2018లో వెలువడిన ‘బీట్ సేబర్’ ఆటలో ఆటగాడు రెండు కాంతిఖడ్గాలతో, సంగీతానికి అనుగుణంగా ఎదురు వచ్చే దిమ్మెలను నరకాలి. చేతి స్థానాన్ని కెమెరాలు లేదా ఇతర కాంతి సాధనాలు ఎప్పటికప్పుడు సరిచూస్తాయి. కాంతిఖడ్గానికి బరువు లేదు, నరికిన దిమ్మె ఎదురు నిలవదు, కనుక చేతికి ఎదురుదెబ్బ తగలలేదన్న వెలితి ఉండదు. యంత్రం చేయలేనిదానిని కోరకుండా, చేయగలిగిన దాని చుట్టూ ఆట అల్లడమే అక్కడి ప్రజ్ఞ.

ఆట నుండి ఆపద దాకా

నేడు దాదాపు ప్రతి స్మార్ట్‌ఫోనులోనూ త్వరణమాపకం ఉన్నది. 2018లో ఆపిల్ సంస్థ తన చేతిగడియారం నాలుగవ శ్రేణిలో, ధరించినవారు పడిపోతే కనిపెట్టే ఏర్పాటు చేసింది. దానిలోని త్వరణమాపకం గురుత్వానికి 32 ఇంతల దాకా కొలవగలదు. మూడింతలకే చూపు పోయిన రిమోటుతో పోలిస్తే ఎంత దూరం వచ్చారో గ్రహించవచ్చు. పడినవారు కొంతసేపు కదలకపోతే గడియారమే అత్యవసర సహాయాన్ని పిలుస్తుంది. వేల మైళ్ళ దూరాన పెద్దలను ఒంటరిగా ఉంచి, ఇక్కడ ఉద్యోగాలు చేసుకొనే కుటుంబాలకు ఇది ఎంత ధైర్యమో వేరుగా చెప్పనక్కరలేదు.

కాని అక్కడ కూడా ఉన్నది అదే గడప. తక్కువగా పెడితే, దబ్బున కుర్చీలో కూర్చున్నా ఆపద గంట మ్రోగుతుంది. ఎత్తుగా పెడితే, గోడ పట్టుకొని మెల్లగా జారిపడిన తాతగారి సంగతి దానికి తెలియకపోవచ్చు. ప్రతి పతనాన్నీ తమ గడియారం కనిపెట్టలేదని తయారీదారులే హెచ్చరిస్తారు. ఆటలో తప్పు పడితే పోయేది ఒక సాయంత్రం. ఇక్కడ తప్పు పడితే పోయేది అంతకంటె పెద్దది. కనుక ‘గడియారం ఉన్నది కదా’ అని ప్రతిదినం చేసే ఫోను పలకరింపు మానుకోరాదు. యంత్రం ఒక సాక్షి మాత్రమే, రెండవ సాక్షి కుటుంబమే.

ఇంట్లో చేసి చూడదగిన ప్రయోగాలు

పిల్లలతో కలిసి పెద్దలు ఈ సంగతులను స్వయంగా పరీక్షించవచ్చు. సెన్సారుల కొలతలు చూపే ఉచిత ప్రోగ్రాములు చేతిఫోనులకు దొరుకుతాయి.

1. ఫోనును బల్లమీద కదలకుండా ఉంచండి. త్వరణం సున్న అని కాక 9.8 దగ్గర చూపిస్తుంది. బల్ల ఫోనును పైకి నెడుతూ ఉండడమే దీనికి కారణం.

2. మెత్తని పరుపు మీదికి కొద్ది ఎత్తు నుండి ఫోనును వదలండి. గాలిలో ఉన్న ఆ క్షణంలో కొలత సున్నకు దగ్గరవుతుంది. స్వేచ్ఛగా పడేదానికి బరువు తెలియదు.

3. ఫోనును బల్లమీదనే పరచి మెల్లగా గుండ్రంగా త్రిప్పండి. త్వరణం అంకెలు ఇంచుమించు మారవు, భ్రమణం అంకెలు మాత్రం మారతాయి. అడ్డ వ్రేటు రిమోటుకు ఎందుకు అంతుపట్టలేదో ఈ ఒక్క ప్రయోగం చెబుతుంది.

4. మూడవవంతు సెకనులో ముగిసేలా చేతిని ఒకసారి నిలువుగా, ఒకసారి అడ్డంగా ఊపి, రెండు రేఖాచిత్రాలను ప్రక్కప్రక్కన పెట్టి చూడండి. ఏది ఏదో పేరు చూడకుండా చెప్పమని ఇంట్లోవారిని అడగండి. ప్రోగ్రాము వ్రాసినవారి కష్టం అప్పుడు తెలుస్తుంది.

ఆనాడు ‘లెజెండ్స్’ ఆడి విసిగిన పిల్లలలో పలువురు ‘నాకు ఊపడం చేతకాలేదు’ అని తమనే నిందించుకొని ఉంటారు. తప్పు వారి చేతిది కాదు. ఆ చేయి పలికినదంతా వినగల చెవి ఆ యంత్రానికి లేదు, వినలేదన్న సంగతి ఒప్పుకొనే గుణమూ దానికి లేదు. యంత్రం ఏది కొలుస్తున్నది, ఏది ఊహిస్తున్నది అన్న రెండు ప్రశ్నలు అడగడం ఆ పిల్లలు నేర్చుకొంటే, ఆ ఆటకు పెట్టిన డబ్బు పూర్తిగా వృథా పోయినట్లు కాదు.